ఎడమామే ఇంట్లో: ఉడకబెట్టాలా, మగ్గించాలా, కాల్చాలా?

పచ్చి సోయా కాయల్ని తొక్కతోనే ఉప్పేసి ఉడికిస్తే ఎడమామే. జపాన్‌లో ఇజకాయలకు, అంటే చిన్న తాగుడు హోటళ్లకు, వేసవి సాయంత్రం వెళ్తే బీరుతో పాటు మొదట బల్ల మీదికి వచ్చే గిన్నె ఇదే. ఎడా అంటే కొమ్మ, మామే అంటే గింజ. ఎడో కాలంలో (17–19 శతాబ్దాల్లో) కొమ్మతో సహా ఉడికించి వీధుల్లో అమ్మేవాళ్లు, పేరు అలా నిలిచిపోయింది. వంటగా చూస్తే కాయ, నీళ్లు, ఉప్పు, అంతే. మసాలా లేదు కాబట్టి తప్పు జరిగితే కప్పిపుచ్చుకోవడానికీ ఏమీ ఉండదు.

‘ఉడకబెట్టడం మంచిదా, మూతపెట్టి మగ్గించడం మంచిదా’ అని చాలామంది అడుగుతారు. అది రెండో ప్రశ్న. చేతిలో ఉన్నది ఈ పొద్దున కోసిన కాయా, రెండు రోజుల క్రితందా, ఫ్రీజర్ ప్యాకెట్టా, లేక కిరాణా కొట్టులో కొన్న ఎండు సోయా గింజలా అన్నది తేలితే పద్ధతి చాలావరకు దానంతట అదే తేలుతుంది. తాజా కాయకు మగ్గించడం, నాణ్యత తెలియని కాయకు ఉప్పునీళ్లలో ఉడకబెట్టడం, ఫ్రీజర్ కాయకు పెనం. ఈ మూడు ముక్కలు గుర్తుంటే సగం పని అయినట్టే. మిగతా సగం ఉప్పు.

ముందు కాయ సంగతి

పచ్చి కాయ కొమ్మతో కట్టగా దొరుకుతుంది, లేదా తెంపి వలసంచుల్లో దొరుకుతుంది. రెండూ పక్కపక్కన ఉంటే, ధర కొంచెం ఎక్కువైనా కొమ్మదే తీసుకోండి. కొమ్మకు ఉన్నంతసేపు కాయ నెమ్మదిగా వడలుతుంది. తెంపాక కూడా గింజ ఊపిరి తీస్తూనే ఉంటుంది, అందుకు తనలో ఉన్న చక్కెరనే ఖర్చు చేస్తుంది. ఎండ వేడికి ఆ ఖర్చు ఇంకా పెరుగుతుంది. పొద్దున తియ్యగా ఉన్న కాయను రాత్రి దాకా వంటింటి గట్టు మీద వదిలేస్తే ఉప్పు తప్ప ఇంకే రుచీ మిగలదు. ముందు నీళ్లు మరగబెట్టి ఆ తర్వాత కాయ కోయడానికి వెళ్లమని జపాన్‌లో ఓ మాట ఉంది. పెరట్లో మొక్క ఉన్నవాళ్లు అక్షరాలా అలాగే చేయొచ్చు. మిగిలినవాళ్లు కొన్న రోజే ఉడికించేయాలి. వీలుకాకపోతే తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తప్పకుండా వండాలి.

మంచి కాయ ముదురు ఆకుపచ్చగా ఉంటుంది, పైన నూగు నిలబడి ఉంటుంది. గింజ ఉన్నచోట ఉబ్బి, వేళ్లతో నొక్కితే గట్టిగా తగులుతుంది. పల్చగా, నొక్కితే లొంగిపోయేలా ఉంటే లేత. అది ఉడికాక నీరునీరుగా ఉంటుంది. తొక్క పసుపు తిరిగితే ముదిరిందని అర్థం, గింజ పిండిపిండిగా ఉండి తీపి తగ్గిపోతుంది. గింజలు కాయలో బాగా నిండి ఉండాలి కానీ తొక్క అంచుల దాకా ఒరుసుకుపోకూడదు.

ఈ రంగు లెక్కలు పనికిరాని రకాలు రెండున్నాయి. మొదటిది చామామే కుటుంబం. నూగు గోధుమ రంగులో ఉంటుంది, గింజ పైపొర కూడా లేత గోధుమే. చూసి పాడైందనుకుని పారేసేవాళ్లు ఉంటారు. యమగాత ప్రాంతంలోని త్సురువోక చుట్టుపక్కల పండే దాదాచామామే ఈ కుటుంబంలో పెద్ద పేరున్న రకం. దాని ప్రత్యేక వాసనకు కారణమైన పదార్థాల్లో ముఖ్యమైనది 2-ఎసిటైల్-1-పైరోలిన్. మన బాస్మతి బియ్యం వాసన కూడా దానిదే. ఉడుకుతున్నప్పుడు గిన్నె మీద ముఖం పెడితే బాస్మతి అన్నం వార్చిన గుర్తు రావడం భ్రమేమీ కాదన్నమాట. వాసన ఎగిరిపోయే గుణం ఉన్నది కాబట్టి ఈ రకాన్ని తక్కువసేపు, మూడు నుంచి మూడున్నర నిమిషాలే ఉడికించాలి. రెండోది హ్యోగో ప్రాంతంలోని తంబా నల్ల సోయా. అక్టోబరులో వస్తుంది, గింజ పెద్దది, పైపొర ఊదా నలుపుగా కనిపిస్తుంది. ఇది మొండి గింజ, ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది. ఈ రెంటికీ ఒకే సమయం వాడితే ఒకటి చప్పబడుతుంది, ఇంకొకటి పచ్చిగా మిగులుతుంది.

తెలుగు నేల మీద పచ్చి కాయ కావాలంటే దారి లేకపోలేదు. ఆదిలాబాద్, నిజామాబాద్, కామారెడ్డి వైపు వానాకాలం సోయా వేస్తారు. జూన్‌లో విత్తితే ఆగస్టు చివర, సెప్టెంబరులో కాయ పచ్చిగా నిండి ఉంటుంది. అది నూనె కోసం వేసే రకం. గింజ చిన్నది, తీపి తక్కువ, పసరు రుచి ఎక్కువ. తినడానికి ఇబ్బంది లేదు, ఆరేడు నిమిషాలు ఉడికించుకోవాలి. కానీ చివరి మందు ఎప్పుడు కొట్టారో రైతును అడిగి, ఆ మందు డబ్బా మీద రాసిన గడువు దాటిందని తెలుసుకున్నాకే తెంపాలి. పచ్చి కాయ కోసమే పెంచే రకాలు మన దేశంలోనూ వచ్చాయి. రాంచీలోని ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కేంద్రం నుంచి స్వర్ణ వసుంధర, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి కరుణె. పెరడు ఉన్నవాళ్లకు విత్తనం దొరికితే వీటినే వేసుకోవడం మేలు.

ఒక పొరపాటు ఇక్కడే తేల్చేద్దాం. కిరాణా కొట్లో దొరికే పసుపు సోయా గింజల్ని రాత్రంతా నానబెట్టి ఉడికిస్తే ఎడమామే రాదు. పచ్చి గింజలో చక్కెర, కొంత పిండి ఉంటాయి. ఉడికేటప్పుడు ఆ పిండిలో కొంత మాల్టోజ్ అనే చక్కెరగా మారి తీపిని ఇంకాస్త పెంచుతుంది. గింజ ముదిరి ఎండేసరికి ఆ పిండి దాదాపు ఉండదు, ఎక్కువగా నూనె, మాంసకృత్తులే ఉంటాయి. నానబెడితే నీళ్లు తిరిగి వస్తాయి కానీ ఆ తీపి రాదు. మీకు వచ్చేది సోయా గుగ్గిళ్లు. తాలింపు పెట్టుకుని తింటే బాగానే ఉంటాయి, కానీ అవి వేరే వంట. ఎండు గింజలే ఉంటే వాటితో జపాన్‌వాళ్లే చేసే ఇంకో ఉప్పు చిరుతిండి ఉంది, దాని సంగతి చివర చూద్దాం.

చివర కత్తిరించాలా, అక్కర్లేదా?

పచ్చి కాయ ఏ పద్ధతిలో వండినా ముందు పని ఒకటే. కాయల్ని కడిగి, కత్తెరతో రెండు కొసలూ రెండేసి మిల్లీమీటర్లు కత్తిరించాలి. కత్తిరించకపోయినా ఉడుకుతుంది, రంగూ వస్తుంది. కానీ సోయా తొక్క నీళ్లు లోపలికి పోనివ్వదు, ఉప్పు తొక్క మీదే ఆగిపోతుంది. కొస తెరిస్తే ఉప్పునీళ్లు లోపలికి దిగి గింజ చుట్టూ నిలుస్తాయి. తినేటప్పుడు పెదవుల దగ్గర పెట్టి పితికితే గింజతో పాటు ఒక చుక్క ఉప్పురసం నోట్లోకి వస్తుంది కదా, ఆ చుక్క కోసమే ఈ కష్టమంతా. మరీ లోపలికి కోస్తే గింజ బయటపడి నీళ్లలో తేలుతుంది. 250 గ్రాముల కాయలకు పది నిమిషాలు పడుతుంది. విసుగైతే కాడ ఉన్న కొస ఒక్కటైనా కత్తిరించండి, సగం ఫలితం దక్కుతుంది.

తర్వాత ఉప్పు రుద్దడం. ఇక్కడ రాళ్ల ఉప్పే పనికొస్తుంది, మరీ పెద్ద రాళ్లయితే రోట్లో ఒక్క దెబ్బ వేసుకోవాలి. మెత్తటి ఉప్పు తడి కాయ మీద పడగానే కరిగిపోతుంది, రుద్దడానికి గరుకు ఉండదు. రెండు చేతులతో కాయల్ని ఒకదానికొకటి రాసుకునేలా ఒక నిమిషం గట్టిగా నలిపితే నూగు ఊడి అరచేతికి బూడిద రంగు జిగురులా అంటుకుంటుంది. నూగు మిగిలితే నాలుకకు గరగరా తగులుతుంది. నలిపిన ఉప్పును కడగొద్దు. ఉడకబెట్టే పద్ధతిలో అది నీళ్లలోకే పోతుంది, మగ్గించే పద్ధతిలో అదే రుచి.

నాలుగు శాతం ఉప్పునీళ్లలో ఉడకబెట్టడం

జపాన్ ఇళ్లలో బాగా నిలిచిన లెక్క ఇది: 250 గ్రాముల కాయలకు లీటరు నీళ్లు, 40 గ్రాముల ఉప్పు. అందులో 15 గ్రాములు రుద్దడానికి, 25 గ్రాములు నీళ్లకు. చూడగానే ఎక్కువనిపిస్తుంది, సముద్రపు నీటి కంటే ఉప్పన. కానీ గింజలోకి చేరేది అందులో చిన్న వంతే, మిగతాదంతా వార్చిన నీళ్లతో పోతుంది. భయపడి 10 గ్రాములు వేస్తే గింజ చప్పగా వస్తుంది. పైన ఎంత చల్లినా ఆ లోటు తీరదు. చెంచాతో కొలిచేవాళ్లు ఒకటి గమనించాలి. మెత్తటి ఉప్పు టేబుల్ స్పూనుకు 17, 18 గ్రాములు తూగుతుంది, రాళ్ల ఉప్పు గాలి ఖాళీల వల్ల అంతకంటే తక్కువ. చిన్న డిజిటల్ త్రాసు ఉంటే గొడవ ఉండదు.

నీళ్లు బాగా తెర్లుతున్నప్పుడే కాయలు వేయాలి. వేయగానే ఉడుకు ఆగుతుంది, మంట తగ్గించకూడదు. మళ్లీ తెర్లడం మొదలైన దగ్గర్నుంచి గడియారం చూసుకోండి. మూత పెట్టొద్దు. కాయ వేడెక్కినప్పుడు వచ్చే ఆమ్లపు ఆవిర్లు మూత కింద నీళ్లలోకే తిరిగి పడితే ఆకుపచ్చ మాసి ఆలివ్ రంగులోకి తిరుగుతుంది. రంగు కోసం వంటసోడా వేసే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ మానుకోవాలి. రంగు నిలుస్తుంది, కానీ తొక్క జారుడుగా అయి సబ్బు రుచి వస్తుంది.

మూడు నిమిషాలకు ఒక కాయ తీయండి. చల్లార్చి పితికి నమిలి చూడండి. పళ్ల మధ్య కరకరమని, పసరు వాసన ముక్కుకు తగిలితే ఇంకా కావాలి. పన్ను ఆటంకం లేకుండా దిగి, మధ్యలో కొంచెం బిగువు ఉండి, మింగాక తీపి తెలిస్తే అదే సమయం. మామూలు రకాలకు ఇది నాలుగు, నాలుగున్నర నిమిషాల దగ్గర వస్తుంది. ఆ బిగువు ఉన్నప్పుడే దించాలి, ఎందుకంటే వార్చాక కూడా కాయ లోపలి వేడికి ఒకటి రెండు నిమిషాలు ఉడుకుతూనే ఉంటుంది. కాయలు వాటంతట అవే నోరు తెరుస్తున్నాయంటే ఆలస్యం అయిపోయినట్టే.

దించగానే చిల్లుల గిన్నెలో వార్చి, వెడల్పాటి పళ్లెంలో లేదా వెదురు చాటలో ఒక్క వరసగా పరచి, విసనకర్రతో విసరాలి. జపాన్‌వాళ్లు కూడా జారు అనే వెదురు బుట్టలో పోసి ఉచివా అనే విసనకర్రతో ఇలాగే చల్లారుస్తారు. చల్లటి నీళ్లలో వేయడం ఎక్కువమంది చేసే తప్పు. కత్తిరించిన కొసలోంచి మంచినీళ్లు లోపలికి వెళ్లి, కష్టపడి నింపిన ఉప్పురసాన్ని బయటికి తోసేస్తాయి. కుప్పగా వదిలేయడం రెండో తప్పు, మధ్యలో ఉన్న కాయలు వేడికి మగ్గి పచ్చదనం పోగొట్టుకుంటాయి.

ఈ పద్ధతి ఎవరికి? కాయ వయసు తెలియనివాళ్లకు, మొదటిసారి చేసేవాళ్లకు, అరకిలో పైన చేసేవాళ్లకు. అన్ని కాయలూ ఒకేలా ఉడుకుతాయి, మధ్యలో రుచి చూసి సరిదిద్దుకునే వీలుంటుంది. నష్టం కూడా ఉంది, గింజలోని చక్కెర, రుచినిచ్చే అమైనో ఆమ్లాలు కొంత నీళ్లలోకి పోతాయి. అరకిలో అయితే రెండు లీటర్లు, 80 గ్రాములు. అంత గిన్నె లేకపోతే రెండు విడతలుగా చేయండి. కుక్కి పోస్తే నీళ్లు మళ్లీ తెర్లడానికే మూడు నిమిషాలు పడుతుంది, ఆ లోపు తొక్క మెత్తబడి గింజ పచ్చిగా ఉంటుంది.

మూతపెట్టి మగ్గించడం

తాజా కాయ దొరికినప్పుడు మేమైతే దీని వైపే మొగ్గుతాం. 250 గ్రాముల కాయలు, 100 మిల్లీలీటర్ల నీళ్లు, 8 గ్రాముల ఉప్పు. ఉప్పు ఇంత తక్కువెందుకంటే ఇక్కడ వార్చడం లేదు, వేసిందంతా కాయ మీదే మిగులుతుంది. ఉడకబెట్టే లెక్క అలవాటైన చేత్తో 40 గ్రాములు వేసేసి నోట పెట్టలేక పారబోయడం ఈ పద్ధతిలో మామూలుగా జరిగే ప్రమాదం.

మందపాటి అడుగున్న, గట్టి మూత ఉన్న వెడల్పాటి పెనం కావాలి. 250 గ్రాములు పరవడానికి 24 నుంచి 26 సెంటీమీటర్లుంటే సరిపోతుంది. ఉప్పు రుద్దిన కాయల్ని ఒకటిన్నర వరస కంటే మందం కాకుండా పరచి, నీళ్లు పక్కనుంచి పోసి, పెద్ద మంట మీద పెట్టాలి. నీళ్లు ఉడికిన చప్పుడు రాగానే మూతపెట్టి మధ్యస్థ మంట, నాలుగు నిమిషాలు. రెండో నిమిషంలో మూత తీయకుండానే పెనం పట్టుకుని ఒకసారి కుదపాలి. తర్వాత మూత తీసి ఒక గింజ రుచి చూసి, పెద్ద మంట మీద తడి ఇగిరేదాకా ఒక నిమిషం కలుపుతూ ఉంచాలి. అడుగున తెల్లగా ఉప్పు పూత కనబడగానే దించాలి. ఇంకా ఉంచితే కాయ మాడి చేదెక్కుతుంది.

మూత పెట్టినా ఇక్కడ రంగు అంతగా పోదు, సమయం చిన్నది, చివర్లో మూత తీస్తాం కూడా. గింజలోని తీపి నీళ్లలోకి పోదు కాబట్టి రుచి గాఢంగా ఉంటుంది. ఒకే కాయను సగం ఉడకబెట్టి, సగం మగ్గించి పక్కపక్కన తిని చూడండి. ఉడకబెట్టింది తేలిగ్గా, రసంగా ఉంటుంది. మగ్గించింది వేయించిన వాసన ఛాయతో చిక్కగా ఉంటుంది. పాతబడిన కాయను మాత్రం ఇలా చేయకండి. పసరు రుచి కూడా బయటికి పోయే దారి లేక లోపలే ఉండిపోతుంది.

ఈ పద్ధతి చెడేది నీళ్లు ముందే ఇగిరిపోయినప్పుడు. మూత వదులుగా ఉంటే మూడో నిమిషానికే చిటపటలు మొదలవుతాయి. ఆ శబ్దం వినగానే మూత వార నుంచి రెండు చెంచాల వేడినీళ్లు పోయండి. చల్లనివి పోస్తే పెనం వేడి పడిపోతుంది.

పెనం మీద కాల్చడం

నీళ్లే లేకుండా, ఇనుప పెనం మీద పచ్చి కాయల్నే కాలుస్తారు. కొసలు కత్తిరించి, ఉప్పు రుద్ది పది నిమిషాలు ఉంచిన కాయల్ని ఆ తడితోనే మధ్యస్థ మంట మీద వేసి, ఎనిమిది నుంచి పది నిమిషాలు తిప్పుతూ కాల్చాలి. కాయలోని నీరే లోపల ఆవిరై గింజను ఉడికిస్తుంది. తొక్క మీద నల్ల మచ్చలు పడాలి, పూర్తిగా నల్లబడకూడదు. బొగ్గుల మీద మొక్కజొన్న కంకి కాల్చినప్పటి వాసనకు దగ్గరగా వస్తుంది. తొక్క నాకుతూ తినే వంటకం కాబట్టి ఆ మాడు వాసన పెదవులకు అంటి ఉప్పుతో కలుస్తుంది. రెండో రోజు కాయకు, రుచి తగ్గిన కాయకు ఇదే సరైన రక్షణ. శ్రేష్ఠమైన దాదాచామామేను ఇలా కాల్చడం మాత్రం వృథా, మాడు వాసన కింద దాని సొంత వాసన నలిగిపోతుంది. కొందరు చివర్లో సోయా సాసు ఒక చెంచా చల్లుతారు. అలాగైతే ముందు రుద్దే ఉప్పు సగం చేసుకోవాలి.

మైక్రోవేవ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక్కరికి, 150 గ్రాముల లోపు చేసుకునేటప్పుడు పనికొస్తుంది. కాయలకు 5 గ్రాముల ఉప్పు రుద్ది, రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు చల్లి, వదులుగా మూతపెట్టి 600 వాట్ల మీద రెండున్నర నిమిషాలు, మధ్యలో ఒకసారి కలిపి, ఆపాక ఒక నిమిషం అలాగే వదలాలి. ఒకచోట ఉడికి ఇంకోచోట పచ్చిగా ఉండటం దీని స్వభావం. ఎక్కువ పరిమాణానికి ఇది పనికిరాదు.

ఫ్రీజర్ ప్యాకెట్

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉండే తెలుగువాళ్లకు దొరికేది ఎక్కువగా ఇదే. హైదరాబాద్‌లో కూడా పెద్ద సూపర్ మార్కెట్ల ఫ్రీజర్లలో కనిపిస్తోంది. ఇది పచ్చి కాయ కాదు. కోసిన కొద్దిసేపట్లోనే ఒకసారి ఉడికించి గడ్డకట్టించినది. అందుకే రెండు రోజులు లారీలో తిరిగిన ‘తాజా’ కాయ కంటే చాలాసార్లు ఇదే తియ్యగా ఉంటుంది. నామోషీ పడాల్సిన పని లేదు.

కొనేముందు ప్యాకెట్ మీద రెండు విషయాలు చూడాలి. ఉప్పు ముందే పట్టించినదా, ఉత్తిదా అన్నది మొదటిది. పట్టించినదైతే మళ్లీ ఉప్పునీళ్లలో వేస్తే తినలేరు. రెండోది, కరిగించి నేరుగా తినొచ్చని రాసి ఉందా లేక వండాకే తినమని ఉందా అన్నది. జపాన్‌లో అమ్మే వాటిలో నేరుగా తినేవి చాలా ఉంటాయి. వేరే దేశాల ప్యాకెట్లలో ఎక్కువగా వండమనే ఉంటుంది. గడ్డకట్టడం వల్ల సూక్ష్మజీవులు చావవు కాబట్టి ఆ మాట పాటించి బాగా వేడి చేయాలి.

వీటిని మళ్లీ ఐదు నిమిషాలు ఉడకబెట్టడమే అందరూ చేసే తప్పు. ఒకసారి ఉడికినదాన్ని మళ్లీ అంతసేపు ఉడికిస్తే గింజ పైపొర ఊడి నీరుపట్టిపోతుంది. కరిగించకుండా, గడ్డగా ఉన్నప్పుడే వేడి పెనం మీద 300 గ్రాములు వేసి, మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు పోసి, మూతపెట్టి మూడు నిమిషాలు, మూత తీసి తడి ఇగిరేదాకా ఇంకో రెండు నిమిషాలు. ఉప్పు లేని రకమైతే ఆ నీళ్లలోనే ఒక టీ స్పూన్ ఉప్పు కలపాలి. గింజ మధ్య దాకా పొగలు వచ్చేంత వేడెక్కిందో లేదో ఒకటి విరిచి చూసుకోవాలి.

తొక్క తీసిన గింజల ప్యాకెట్ కూడా పక్కనే ఉంటుంది. పులావుకూ ఉప్మాకూ అది సుఖం. ఉప్పు చిరుతిండిగా మాత్రం మేం సలహా ఇవ్వం. ఉప్పు నేరుగా గింజ మీద పడి పైన ఉప్పన, లోపల చప్పన అవుతుంది. పైగా చెంచాతో తినేస్తే నాలుగు నిమిషాల్లో గిన్నె ఖాళీ. తొక్క ఉన్నదాన్ని ఒక్కొక్కటీ పితికి తినాలి, కబుర్లకు సరిపడా సమయం దొరుకుతుంది. పల్లెటూళ్లో ఉడకబెట్టిన పల్లికాయలు, కందికాయలు చుట్టూ కూర్చుని తిన్నవాళ్లకు ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎండు గింజలే ఉంటే

జపాన్‌లో ఫిబ్రవరి మొదట్లో వచ్చే సెత్సుబున్ రోజున వేయించిన సోయా గింజల్ని ఇంట్లోంచి బయటికి విసిరి కీడును తరిమి, తమ వయసెంతో అన్ని గింజలు తింటారు. ఆ వేయించిన గింజకు ఉప్పు పూత వేస్తే మంచి నిల్వ తిండి అవుతుంది. పచ్చి సోయాలో జీర్ణాన్ని అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకం ఉంటుంది, అది వేడికే విరుగుతుంది కాబట్టి పైపైన వేయించి వదిలేయకూడదు. అసలు నానబెట్టకుండా వేయిస్తే పైన మాడుతుంది, లోపల రాయిలా ఉంటుంది.

200 గ్రాముల గింజల్ని కడిగి ఎనిమిది గంటలు, చలికాలమైతే పన్నెండు గంటలు నానబెట్టాలి. బద్ద విడదీసి చూస్తే మధ్యలో గుంట లేకుండా చదునుగా ఉండాలి. వార్చి, గుడ్డ మీద పరచి అద్ది, పైతడి పూర్తిగా పోయేదాకా గంటసేపు ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఒవెన్ 165 డిగ్రీల సెల్సియస్, ఒక్క వరస, 45 నుంచి 55 నిమిషాలు, పదిహేను నిమిషాలకోసారి కదపాలి. ఒవెన్ లేకపోతే మందపాటి మూకుడు, సన్న మంట, ముప్పై నిమిషాల పైనే, చెయ్యి ఆపకుండా. చివరి పది నిమిషాలు ఉన్నాయనగా ఒక టేబుల్ స్పూన్ వేడినీళ్లలో అర టీ స్పూన్ మెత్తటి ఉప్పు కరిగించి చిలకరించాలి. నీరు ఎగిరిపోయి ఉప్పు తెల్లటి పొరలా అంటుకుంటుంది. పొడి ఉప్పు చల్లితే పైన నూనె రాయని గింజకు పట్టదు, డబ్బా అడుగున చేరుతుంది.

వేడి మీద కరకర తెలియదు. నాలుగు గింజలు తీసి ఐదు నిమిషాలు చల్లార్చి కొరికి చూడాలి. సాగితే లోపల తడి ఉన్నట్టు, 140 డిగ్రీలకు తగ్గించి ఇంకో పది నిమిషాలు పెట్టాలి. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పోస్తే రెండు వారాలు కరకరలాడుతూ ఉంటాయి. గట్టి గింజ గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి ఐదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలకు ఇవి పెట్టొద్దని జపాన్ వినియోగదారుల సంస్థే హెచ్చరిస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మెత్తగా ఉడికిన ఎడమామేను, అది కూడా తొక్క తీసి, నలిపి పెట్టడమే మంచిది. సోయా పడనివాళ్లు ఉంటే రెండూ వద్దు.

కొన్ని సందర్భాలు

సాయంత్రం ఆరుగురు వస్తున్నారు, ఫ్రీజర్‌లో ప్యాకెట్ తప్ప ఏమీ లేదు: పెనం, అరకిలో రెండు విడతలుగా. కాయ బరువులో దాదాపు సగం తొక్కే కాబట్టి మనిషికి 80, 100 గ్రాములు ఎక్కువేమీ కాదు. తొక్కలకు వేరే గిన్నె పెట్టడం మరచిపోవద్దు. మొదటిసారి తినేవాళ్లకు తొక్క నమలకూడదని ముందే చెప్పండి, లేకపోతే పీచు నోట్లో పెట్టుకుని మర్యాదకు మింగడానికి తంటాలు పడతారు. 

ఇంట్లో బీపీ ఉన్న పెద్దవాళ్లున్నారు: మగ్గించే పద్ధతి, ఉప్పు 8 గ్రాముల బదులు 3 గ్రాములు. వార్చే పద్ధతిలో గింజలోకి ఎంత వెళ్లిందో లెక్క తెలియదు, ఇక్కడ వేసినంతే తెలుస్తుంది. నూగు పోగొట్టడానికి ముందు విడిగా ఉప్పుతో రుద్ది కడిగేసి, ఆ తర్వాత కొలిచిన 3 గ్రాములు వేసుకోవాలి. ఈ ఒక్క సందర్భంలోనే కడగడం సరే.

కిలో కాయ కొన్నారు, ఈ రోజు తినలేరు: మొత్తం ఈ రోజే ఉడికించండి, పచ్చివి ఫ్రిజ్‌లో దాచకండి. మర్నాటికి కావాల్సినంత ఫ్రిజ్‌లో పెట్టి, మిగతావాటిని రెండున్నర నిమిషాలకే దించి, విసిరి చల్లార్చి, తడి అద్ది, జిప్ కవర్లలో ఒక్క వరసగా పరచి, గాలి నొక్కి తీసేసి గడ్డకట్టించండి. తడితో పెడితే మంచు పొర పట్టి కరిగినప్పుడు గింజ ముడతలు పడుతుంది. నెలలోపు తినేయాలి, తినేటప్పుడు గడ్డగానే పెనం మీదికి.